మూడో కొడుకు కట్టుకున్న ఇల్లు: కాన్వీలో ప్లాస్ మౌర్, దాని సున్నపు గార

“ఇంత అందమైన రాయి పెట్టుకుని పైన సున్నం ఎందుకు? రాయి కనపడనివ్వండి” అన్నాడు ఆ ఇంటాయన. ఉత్తర వేల్స్‌లో కొండవాలున ఒక పాత రైతు ఇల్లు, పదకొండేళ్ళ కిందటి మాట. పాత ఇళ్ళకు సున్నపు గార మరమ్మతు చేయడం నా వృత్తి. గార వేసి బతకాల్సినవాణ్ణి ఆ రోజు ఉన్న గారే ఊడగొట్టించాను. పడమటి గోడకు ఎవరో ఎప్పుడో వేసిన సిమెంటు పూత, దాని అడుగున అక్కడక్కడా మిగిలిన పాత సున్నం, రెండూ చెక్కించేశాను. రాళ్ళ సందులు మాత్రం కొత్త సున్నంతో పూడిపించి, సాయంత్రం ఎండలో నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేశాను. ఫొటోలు బాగా వచ్చాయి. రెండు చలికాలాలు తిరిగేసరికి లోపల పడకగదిలో, మంచం తల వైపు గోడ మీద చెమ్మ నా భుజం ఎత్తు దాకా పాకింది.

ఫోన్ వచ్చిన రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఆ గోడ చూడ్డానికి వెళ్తూ దారిలో కోట ఊరు కాన్వీలో దిగి, అక్కడి పదహారో శతాబ్దపు ఇల్లు ప్లాస్ మౌర్‌లో రెండు రోజులు గడిపాను. అంతకుముందు చూడని ఇల్లేం కాదు. కాకపోతే ఈసారి దూలాలూ వద్దు, కిటికీలూ వద్దు, గోడల పూత ఒక్కటే చూడాలని వెళ్ళాను. అప్పటి నోట్సుకి తర్వాత వెళ్ళినప్పుడల్లా సరిచూసుకున్న సంగతులు చేర్చి రాస్తున్నది ఇది.

పేరుకే పెద్ద మేడ

వెల్ష్‌లో “ప్లాస్” అంటే మేడ, “మౌర్” అంటే పెద్ద. కాన్వీ లాంటి చిన్న ఊళ్ళో అది పెద్దదే. ఇంగ్లండులో ప్రభువుల భవంతులు చూసొచ్చిన కంటికి మాత్రం ఇరుకు స్థలంలో సర్దుకుని కట్టిన ఇల్లులా కనిపిస్తుంది. కట్టినవాడు ప్రభువు కాడు. వేల్స్‌లో జెంట్రీ అంటే పెద్ద బిరుదులు లేని భూస్వాములు. భూమి ఎంతున్నా లేకపోయినా వంశవృక్షం మాత్రం నాలుక చివరే ఉండేది. అలాంటి కుటుంబాల్లో ఒకటి కాన్వీ లోయలోని గ్విదిర్ విన్ కుటుంబం. పన్నెండో శతాబ్దపు రాజు ఒవైన్ గ్వినెద్ తమ మూలపురుషుడని చెప్పుకునేవాళ్ళు. ఆ ఇంటి మూడో కొడుకు రాబర్ట్ విన్.

ఆస్తి పెద్దన్న మోరిస్‌కి వెళ్ళింది. చిన్నకొడుకులకు మిగిలేది కత్తో, కలమో, ఎవరో పెద్దమనిషి కొలువో. రాబర్ట్ కొలువు ఎంచుకున్నాడు. అప్పట్లో ఇంగ్లండునేలిన ట్యూడర్ రాజుల రాయబారిగా యూరప్ తిరిగిన సర్ ఫిలిప్ హోబీ దగ్గర పనిచేశాడు. ఐదో చార్లెస్ చక్రవర్తి కొలువు దాకా వెళ్ళిన రాయబారి ఆ హోబీ. అలా ఊళ్ళు తిరిగి, డబ్బు వెనకేసుకుని, యాభయ్యో పడిలో ఇంటిదారి పట్టిన రాబర్ట్ 1570లో కాన్వీలో 200 పౌండ్లు పెట్టి ఒక పాత ఇల్లు కొన్నాడు.

ఆ కొనుగోలు వెనక ఒక కథ ఉంది. కాన్వీ వెల్ష్‌వాళ్ళ కోసం కట్టిన ఊరు కాదు. ఉత్తర వేల్స్‌లోని గ్వినెద్ రాజ్యాన్ని ఓడించాక ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో అక్కడున్న మఠాన్ని లేపేసి కోట మొదలుపెట్టాడు. పట్టణం చుట్టూ 1.3 కిలోమీటర్ల గోడ, దానికి 21 బురుజులు. లోపల ఇంగ్లీషు వర్తకుల్ని తెచ్చి పెట్టాడు. 1402 నాటి చట్టాలైతే వెల్ష్‌వాళ్ళు ఇలాంటి పట్టణాల్లో భూమే కొనకూడదన్నాయి. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1536లోనూ 1543లోనూ వచ్చిన చట్టాలతో ఆ అడ్డు పోయింది. ఆ తర్వాత పాతికేళ్ళు దాటాక, ఓడిపోయిన రాజవంశం వాణ్ణని చెప్పుకునే ఒక మూడో కొడుకు గెలిచినవాళ్ళ గోడ లోపల స్థలం కొన్నాడు. ఇంటి లోపల గారలో ఏం రాయించాడో చూస్తే, ఈ సంగతి అతను మరిచిపోలేదని నాకు అనిపిస్తుంది.

చివర కట్టింది మొదట కనిపిస్తుంది

1576-77లో ఉత్తరం వైపు భాగం కట్టాడు. తాను కొన్న పాత ఇంటిని 1580లో తీసేసి నడిమి భాగం, దక్షిణం భాగం లేపాడు. పక్క స్థలం చేతికొచ్చాక 1585లో హై స్ట్రీట్ మీదికి ద్వారపు మేడ కట్టాడు. అన్నీ కలిపి దాదాపు 800 పౌండ్లు అయ్యాయంటారు. మూడు విడతల పని కాబట్టి ఇంట్లో లెవెల్స్ కలవవు. వీధిలోంచి ద్వారం దాటి, చిన్న ముంగిట్లోకి వచ్చి, మెట్లెక్కి హాల్లోకి వెళ్ళేలోపు ఇల్లు కట్టిన క్రమాన్ని వెనక్కి నడిచినట్టు ఉంటుంది. కొనుక్కున్న ముక్కల్ని ఒకటొకటిగా అతికించి, వీధి వైపు మాత్రం ముఖం తీరుగా దిద్దారు.

వీధిలో నిలబడి తలెత్తితే ముందు కనిపించేవి మెట్ల గేబుళ్ళు. వాలు కప్పు చివర లేచే త్రికోణపు గోడని గేబుల్ అంటాం. ఇక్కడ దాని అంచులు వాలుగా కాకుండా మెట్లు మెట్లుగా పైకి పోతాయి. వేల్స్ కొండల్లో పుట్టిన పద్ధతి కాదిది. ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్ ఇళ్ళ అలవాటు. రాబర్ట్ విదేశాల్లో చూసి తెచ్చాడని అందరూ రాస్తారు, నిజమే కావచ్చు. నాకు మాత్రం ఇంకో దారి కూడా కనిపిస్తుంది. ఆంట్‌వర్ప్‌లో వ్యాపారం చేసిన డెన్బీ ఊరివాడు సర్ రిచర్డ్ క్లఫ్ 1567లో స్వస్థలానికి దగ్గర్లో రెండు ఇళ్ళు కట్టించాడు, బాఖ్-ఇ-గ్రైగ్, ప్లాస్ క్లఫ్ అని. ఆ చుట్టుపక్కల జనానికి ఫ్లెమిష్ పోకడ పరిచయమైంది వాటితోనే. క్లఫ్ భార్య బెరైన్ కాథరిన్. 1570లో క్లఫ్ పోయాక ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది మోరిస్ విన్‌ని. అంటే రాబర్ట్‌కి స్వయానా వదిన. వరసలు తెలిసిన మనకి ఇందులో అర్థం కానిదేం లేదు: కొత్త ఇల్లు కట్టే మరిది, ఫ్లెమిష్ పద్ధతి ఇంటిలో కాపురం చేసొచ్చిన వదిన. ఆమె సలహా ఇచ్చిందనడానికి కాగితం ఏదీ చూపలేను, నా ఊహ అనే రాస్తున్నాను.

కిటికీల నెత్తిన చిన్న చిన్న త్రికోణాలు చెక్కి ఉంటాయి, గ్రీకు గుళ్ళ ముఖం తలపించేలా. అదీ అప్పటి ఫ్యాషనే. మెట్ల బురుజు ఒకటి మిగతా కప్పుల కంటే పైకి లేచి ఉంటుంది. పైకెక్కితే కోట, నదీముఖం, ఊరి పలకరాయి కప్పులు అన్నీ కాళ్ళ కింద. ఇంటికి 365 కిటికీలు, 52 తలుపులు అని ఒక పాత మాట ఉంది. లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండో అంతస్తులో మానేశాను.

గారలో రాసిన వంశవృక్షం

హాల్లో నిప్పుగూడు పైన గోడ నిండా గార పని. మధ్యలో కుటుంబ చిహ్నాలు, రాబర్ట్ విన్ పేరులోని రెండు పొడి అక్షరాలు, 1580 అన్న ఏడాది. వేరే గదుల్లో 1577 అని ఉంటుంది. మేడ మీద గ్రేట్ ఛాంబర్ అనే పెద్ద గదిలో మొదటి ఎలిజబెత్ రాణి రాజచిహ్నం. గోడల మీదా సీలింగు మీదా ట్యూడర్ గులాబీలు, ఒవైన్ గ్వినెద్ డేగలు, అడవిపంది తలలు. లెస్టర్ ప్రభువు రాబర్ట్ డడ్లీ గుర్తయిన మోడు కర్ర కూడా వీటి మధ్య ఉంది. డడ్లీ అప్పట్లో డెన్బీ ప్రాంతానికి అధిపతి. స్నోడన్ అడవి హద్దుల విషయంలో స్థానిక భూస్వాములకీ ఆయనకీ గట్టి తగాదాలు నడిచాయి. అలాంటి మనిషి గుర్తును ఇంట్లో వేయించారంటే భక్తి ఎంతో భయం ఎంతో చెప్పలేం. మన దగ్గర కలెక్టరుగారి ఫొటో హాల్లో పెట్టుకునే పాత అలవాటులాంటిదే అనుకుంటాను.

మొత్తమ్మీద ఇల్లు బయట ఫ్లెమిష్ టోపీ పెట్టుకుంది, లోపల తాతముత్తాతల పేర్లు చదువుతోంది, మధ్యమధ్య రాణిగారికి దండం పెడుతోంది. ఇదంతా చెప్పడానికి రాబర్ట్ రాతిని వాడలేదు, కొయ్యని వాడలేదు. సున్నం వాడాడు.

పని ఎలా చేశారో తెలియాలంటే సాయంత్రం జనం పల్చబడ్డాక వెళ్ళాలి. లైటు ఎదురుగా వేస్తే ఏమీ తెలీదు. గోడకి చెంప ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి పడేలా టార్చి పట్టుకోవాలి. అప్పుడు రెండు రకాల పని విడివిడిగా కనిపిస్తుంది. పొడుగాటి గీతలు, చట్రాలు గోడ మీదే తీసినవి: తడి గార మీద చెక్కిన బద్దని లాగితే ఆ అంచు పడుతుంది. గులాబీలు, డేగలు, పంది తలలు అచ్చులో పోసి అతికించినవి. కొయ్యలో తలకిందులుగా చెక్కిన అచ్చు, దాంట్లో మెత్తటి గార నొక్కి, కాస్త గట్టిపడ్డాక తీసి, వెనక గాట్లు పెట్టి, తడి గోడకి అంటించడం. అందుకే అవే బొమ్మలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒక అచ్చు చెక్కించడం ఖర్చు. చెక్కించాక పదిసార్లు వాడినా వందసార్లు వాడినా అదే ఖర్చు. మూడో కొడుకు బడ్జెట్‌కి సరిపోయే వైభవం ఇది. ఇదే తరహా గార పని కాన్వీ లోయలోనే మేనన్ ఇంట్లోనూ ఉంది. చూస్తే అదే చేతులు, అవే అచ్చులు అనిపిస్తుంది.

గారలో సున్నం, ఇసుక, వెంట్రుకలు. ఎద్దువో మేకవో వెంట్రుకలు కలిపితే ఎండేటప్పుడు బీటలివ్వదు. మా తాతగారింట్లో గానుగ సున్నంలో జనపనార కలిపేవారని, కరక్కాయ నీళ్ళు పోసేవారని వింటూ పెరిగాను. అక్కడా ఇక్కడా మేస్త్రి బెంగ ఒకటే, పగుళ్ళు. సీలింగుకైతే చీల్చిన ఓక్ బద్దలు దూలాల అడుగున వరసగా కొట్టి, సందుల్లోంచి గార పైకి ఉబికి కొక్కెంలా పట్టుకునేలా నొక్కుతారు. ఆ కొక్కేలు విరిగితేనే సీలింగు జారుతుంది. పాత సీలింగు చూడ్డానికి పిలిస్తే నేను ముందు బొమ్మల వైపు చూడను. అటక మీదికి వెళ్ళి, దుమ్ము ఊడ్చి, కొక్కేలు లెక్కపెడతాను.

ప్లాస్ మౌర్ కప్పులో ఇంకో వింత ఉంది. గ్రేట్ ఛాంబర్ గార సీలింగు పైన దాగిన దూలాలు మామూలు దూలాలు కావు. హ్యామర్‌బీమ్ కప్పులా, అంటే గోడల్లోంచి ముందుకు చాచిన పొట్టి దూలాల మీద నిలిపే కప్పులా కనిపించేలా, పదిమందీ చూడాలని తీర్చిన కొయ్య పని. వేల్స్ జెంట్రీ ఇళ్ళలో వంద ఏళ్ళ ముందు నుంచీ గొప్ప అంటే అదే. బాంగర్ దగ్గరి కోఖ్‌విల్లాన్ హాల్లో ఇప్పటికీ తలెత్తి అలాంటి కప్పు చూడొచ్చు. ఇక్కడ మాత్రం అంత కష్టపడి చేసిన కొయ్యని గార సీలింగు కప్పేసింది. కొయ్య కప్పుల కాలం పోయి గార సీలింగుల కాలం వచ్చిన మలుపు ఒకే గదిలో, ఒకదాని మీద ఒకటిగా ఉంది. ఈ ఇంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

ఆస్తి తగాదా కాపాడిన ఇల్లు

రాబర్ట్‌కి మొదటి భార్య ద్వారా పిల్లలు లేరు. ముసలితనంలో రెండో పెళ్ళి చేసుకుని ఏడుగురిని కన్నాడు, ఇద్దరు కొడుకులు, ఐదుగురు కూతుళ్ళు. 1598లో పోతూ ఎవరికేం చెందాలో చిక్కుముడిలాంటి వీలునామా రాసిపెట్టాడు. దాని మీద కోర్టు వ్యవహారం 1630 దాకా సాగింది. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఇంటి మీద ఎవరూ ధైర్యంగా డబ్బు పెట్టలేదు. తర్వాత పెళ్ళి సంబంధాల మీద ఇల్లు పెద్ద ఎస్టేటుల్లోకి, చివరికి మోస్టిన్ కుటుంబానికి వెళ్ళింది. వాళ్ళకి ఉండటానికి వేరే ఇళ్ళున్నాయి, దీన్ని అద్దెలకిచ్చారు. బడి నడిచింది, కోర్టు నడిచింది, గదికో కుటుంబం కాపురం ఉంది. అద్దెకున్నవాళ్ళు పాత గార తీసేసి కొత్త ఫ్యాషన్ పెట్టించరు కదా. ఏడాదికో రెండేళ్ళకో వెల్ల వేస్తారు, అంతే. ఆ వెల్ల పొర మీద పొర పేరుకుని డేగల ఈకలు, పందుల కోరలు మొద్దుబారిపోయాయి గానీ, అడుగున గార భద్రంగా మిగిలింది.

1887లో రాయల్ కేంబ్రియన్ అకాడమీ అనే చిత్రకారుల సంస్థ లీజుకి తీసుకుని 1993 వరకు ఉంది. ఆ ఏడాది వేల్స్ వారసత్వ కట్టడాలు చూసే ప్రభుత్వ సంస్థ కాడ్వ్ చేతికి ఇల్లు వచ్చింది. నాలుగేళ్ళ పని, 33 లక్షల పౌండ్ల ఖర్చు. 1997లో జనానికి తెరిచారు. గదుల్లో సామాను సర్దడానికి 1665లో రాసిన ఇంటి వస్తువుల జాబితా దొరకడం వాళ్ళ అదృష్టం.

రెండు నిర్ణయాలు

ఆ పనిలో వృత్తిరీత్యా నేను మళ్ళీ మళ్ళీ తలచుకునేవి రెండు నిర్ణయాలు.

మొదటిది బయటి గోడ. గోడలు గండరాళ్ళ కట్టుబడి. పాత ఫొటోల్లో అదే రాయి బోసిగా కనిపిస్తుంది, చూడ్డానికి “పురాతనంగా” ఉంటుంది. పర్యాటకులకి నచ్చేదీ అదే. కానీ కట్టినప్పుడు ఆ రాయి కనపడాలని ఎవరూ అనుకోలేదు. కిటికీల చుట్టూ చెక్కిన ఇసుకరాయి అంచులు గోడ కంటే కాస్త ముందుకు ఉండటమే సాక్ష్యం. ఆ మందం గార కోసం వదిలింది. గార మళ్ళీ వేసి, పైన సున్నం పూయించారు. ఇల్లు ఒక్కసారిగా కొత్తదైపోయిందని నొచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. నొచ్చుకోవడం సహజమే. రాయి గీకి చూపడం విక్టోరియన్ల కాలం నుంచి అంటుకున్న అలవాటు. ఆ గీకుడు మీద కోపంతోనే 1877లో కవి, డిజైనర్ విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టాడు. దానికి ముద్దుపేరు యాంటీ-స్క్రేప్, అంటే గీకొద్దు సంఘం.

అందం సంగతి పక్కన పెట్టినా గోడకి గార ఎందుకు కావాలో చెప్పాలి. నేను తప్పు చేసింది అక్కడే. ఈ గోడలు లోపలో వరస, బయటో వరస రాళ్ళు పేర్చి, నడుమ మట్టీ సున్నం చిన్నరాళ్ళూ కూరినవి. పడమటి సముద్రం మీంచి వచ్చే వాన నిలువుగా పడదు, అడ్డంగా గోడకి కొడుతుంది. రాయి నీళ్ళు పీల్చదు కాబట్టి నీళ్ళన్నీ జారి సందుల్లోకి దిగుతాయి, అక్కణ్ణుంచి నడిమి మట్టిలోకి. ఒకసారి అందులోకి చేరిన నీరు తొందరగా బయటికి రాదు. పైన సున్నపు గార ఉంటే అది గోడ పొడుగునా దుప్పటిలా ఆ వానను తాగి, గాలి తగలగానే బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ రెండో పని చేయదు. సన్నగా చిట్లుతుంది, చిట్లిన చోట నీళ్ళు తీసుకుంటుంది, తిరిగి ఇవ్వదు. నా రైతు ఇంటికి సిమెంటు తీయడం సరైన పనే. తీసి ఊరుకోవడం తప్పు.

రెండో నిర్ణయం లోపల. వెల్ల పొరలు శుభ్రం చేస్తే అడుగున పాత రంగుల ఆనవాళ్ళు ఉంటాయి. ఇలాంటి గార మొదట్లో తెల్లగా ఉండేది కాదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గుడి గోపురం బొమ్మల్లా. కాడ్వ్ కొన్ని గదుల్లో రంగులు తిరిగి వేయించింది, కొన్నిట్లో తెల్లగానే వదిలింది. గీకొద్దు సంఘం పద్ధతిలో పెరిగిన నాకు మొదట ఇది మింగుడు పడలేదు. ఆనవాలు దొరకడం వేరు, ఆ ఆనవాలు పట్టుకుని గోడంతా పూయడం వేరు. 1580లో ఎరుపు ఎంత ముదురుగా ఉండేదో, పక్క రంగుతో ఎక్కడ కలిసేదో ఎంత పరీక్ష చేసినా కొంత ఊహే మిగులుతుంది.

హాల్లో గంటసేపు కూర్చున్నాక కొంత మెత్తబడ్డాను. రంగులున్న చోట చిహ్నాలు చదవగలం: ఏది రాణిది, ఏది గ్విదిర్‌ది, ఏది లెస్టర్‌ది. తెల్ల గదిలో అదే గార పెళ్ళి కేకు మీద క్రీములా ఉంటుంది. బాగుంటుంది గానీ ఏం చెబుతోందో తెలీదు. చిహ్నాల్లో సగం అర్థం రంగులోనే ఉంటుంది, ఆకుపచ్చ మీద బంగారు డేగలైతేనే ఒవైన్ గ్వినెద్‌వి. రంగు పోతే ఏదో పక్షి. కాబట్టి బయటి గార విషయంలో వాళ్ళతో పూర్తిగా ఏకీభవిస్తాను, లోపలి రంగుల విషయంలో ముప్పాతిక. మిగతా పాతిక, రంగు వేయకుండా వదిలిన గదులకి. అక్కడ టార్చి పెట్టి చూస్తే పనివాడి బద్ద జాడలు కనిపిస్తాయి. రంగు వేసిన గదిలో అవి దాదాపు మాయం.

పడమటి గోడ

రెండో రోజు మధ్యాహ్నం ఆ రైతు ఇంటికి వెళ్ళాను. తప్పు నాదేనని చెప్పి, కూలి నేను పెట్టుకుంటాను, సున్నం ఖర్చు మీరు పెట్టుకోండి అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు, రాయి పోతుందని బాధపడుతూనే. గోడ బాగా ఆరడానికి వేసవంతా వదిలేశాం. ఆగస్టు చివర్లో మూడు పూతలు. మొదటిది ముతక ఇసుకతో విసిరి కొట్టింది, రెండోది వెంట్రుకలు కలిపి పలకతో సర్దింది, మూడోది పల్చగా. పూత పూతకీ మధ్య తడి గోనెలు కప్పి, రోజూ నీళ్ళు చల్లి, సున్నం నెమ్మదిగా గాలి పీల్చుకునేలా చూశాం. మంచు పడే కాలం వచ్చేలోపు ఐదుసార్లు సున్నం పూశాం. రాళ్ళ ఎగుడుదిగుడు గార కింద మెత్తగా తెలిసేలా ఉంచాం గానీ, అద్దంలా సాపు చేయలేదు.

తర్వాతి మార్చిలో చెమ్మ మరక మోకాలి కిందికి దిగింది. రెండో ఏడాదికి పోయింది. పడకగదిలో మంచం మళ్ళీ పాత చోటికి చేరింది. ఆయన ఒకటే అడిగాడు, వాన తగలని వాకిలి కప్పు కింద, తలుపు పక్కన ఒక అడుగు మేర రాయి కనపడేలా వదలమని. వదిలాం.